బండిల్ టికెట్ మీద పదో తరగతి

ఉదయ్ కుమార్ మా ఏడో లైన్‌కు సూపర్‌వైజర్‌గా వచ్చిన రోజున చొక్కాకు కాలర్ ఏ వైపు నుంచి ఎక్కిస్తారో కూడా అతనికి తెలియదు. వారం తిరిగేసరికి తెలిసింది. నేర్పింది ఎస్తేరక్క. అతని కంటే ముందు వచ్చిన ముగ్గురికీ నేర్పింది ఆమే. నేర్చుకున్న ప్రతివాడూ ఆమె వెనకే నిలబడి గంటకు ఎన్ని కాలర్లు వేశావని అడిగేవాడు. నేర్పిన మనిషి తల వంచుకుని కుడుతూ ఉండేది. ఆమె ఆ ఫ్యాక్టరీలో చేరి పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ఇదే తంతు.

నాకు ముక్కు మీద కోపమని అందరూ అంటారు, కాదనను. ఇలాంటివి చూసి కూడా కోపం రానివాళ్ళను చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

మా ఫ్యాక్టరీ గార్లదిన్నె దాటాక హైవే పక్కన ఉంది. పేరు చెప్పను, ఇంకా అక్కడే పని చేస్తున్నాను. చొక్కాలు కుడతాం. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఊళ్ళన్నిటికీ పొద్దున్నే కంపెనీ బస్సు వస్తుంది. నిన్నమొన్నటి దాకా కాయ పీకిన చేతులు ఆ బస్సెక్కి వచ్చి మిషన్ల ముందు కూర్చుంటాయి. ఒక్కో లైన్‌లో నలభై మంది ఆడవాళ్ళం.

నా పేరు చంద్రిక. పుట్టిల్లు ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఇంటర్ పాసయ్యాను. దాంతో నాకు దొరికిన గొప్ప ఉద్యోగం లైన్ మొదట్లో కూర్చుని రిజిస్టర్ రాయడం. కత్తిరించిన గుడ్డలు ఇరవై చొక్కాలకు సరిపడా ఒక కట్టగా నా దగ్గరికి వస్తాయి. దాన్ని బండిల్ అంటాం. సైజు, నంబరు వేసిన చిన్న అట్టముక్క దానికి కట్టి ఉంటుంది, అదే టికెట్. నేను నంబరు రాసుకుని బండిల్‌ను లైన్‌లోకి తోస్తాను. లక్ష్మీదేవి జేబు కుడుతుంది, ఇంకొకరు భుజాలు కలుపుతారు, ఎస్తేరక్క కాలర్ ఎక్కిస్తుంది, అలా చేతులు మారి మారి చివర మారెమ్మ దగ్గరికి చేరుతుంది. మారెమ్మ మిగిలిన దారాలు కత్తిరించి, టికెట్లు విప్పి డబ్బాలో వేస్తుంది.

ఇక టోకెను సంగతి. బాత్‌రూమ్‌కు పోవాలంటే సూపర్‌వైజర్ మేజా మీద ఉన్న చెక్కబిళ్ళ అడిగి తీసుకోవాలి. లైన్‌కు ఒకటే బిళ్ళ. ఒకరు తిరిగి వస్తేనే ఇంకొకరు పోవాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడి ముందు చెయ్యి చాపి దాన్ని అడగలేక సగం మంది నీళ్ళు తాగడమే మానేశారు. రేకుల కప్పు కింద, ఏప్రిల్ ఎండలో, పొద్దున తెచ్చుకున్న సీసాలో నీళ్ళు సాయంత్రం దాకా అలాగే ఉండేవి. మారెమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రిలో పడింది. ఉదయ్ కుమార్ చెడ్డవాడేమీ కాదు. అడిగితే ఇచ్చేవాడు. అడగాల్సి రావడమే మా బాధ అని అతనికి తట్టలేదు.

మారెమ్మను రెండోసారి చూసి వస్తున్నప్పుడు బస్సులో ఎస్తేరక్క నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆ సూపర్‌వైజర్ కుర్చీ నాకు కావల్ల చంద్రికా. జీతం కోసం కాదని అబద్ధం చెప్పను, దుడ్లూ కావల్ల. అయితే మన కష్టం తెలిసిన మనిషి ఆడ కూర్చోవల్ల. అదీ నా పట్టు."

పట్టు అయితే ఉంది, చదువు లేదు. నోటీసు బోర్డు మీద సూపర్‌వైజర్ కావడానికి రెండు షరతులు అంటించి ఉండేవి. పదో తరగతి పాసై ఉండాలి. ఆ ఏడాదిలో ఏ శిక్షా పడి ఉండకూడదు. ఎస్తేరక్క ఊరి బడిలో ఏడు దాకా చదివింది. ఎనిమిదికి పక్క ఊరు నడిచి పోవాల్సిన ఏడాదే కరువొచ్చి, పుస్తకాలకు బదులు ఆమె చేతికి గంప వచ్చింది. ఆమె ముప్పై తొమ్మిదో ఏట నేనే వెంట పోయి ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాను. ఆమె భర్త జయరాజు బేల్దారి పని చేస్తాడు. ఈ వయసులో పదో తరగతేమిటని నవ్వుతాడేమో అనుకున్నాం. సిమెంటు చేతులతోనే పుస్తకాలన్నిటికీ అట్టలు వేసి ఇచ్చాడు.

పుస్తకాలకు అట్టలైతే పడ్డాయి, తెరవడానికి తీరికేదీ? ఆదివారం ఒక్క పూట క్లాసు. మిగతా ఆరు రోజులూ ఏడింటికి బస్సు దిగడం, వంట, నిద్ర. లైన్‌లో చదువుకుందామంటే పక్కనున్న మనిషితో మాట్లాడితేనే తిట్లు. డిసెంబరు వచ్చినా ఆమె లెక్కల పుస్తకంలో మూడో పాఠం దాటలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఉపాయమూ పుట్టింది.

బండిల్ టికెట్ వెనక వైపు ఖాళీగా ఉంటుంది. మర్నాడు పొద్దున మొదటి బండిల్ టికెట్ వెనక పెన్సిల్‌తో రాశాను. "మన రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఏది?" బండిల్ చేతులు మారుతూ కాలర్ దగ్గరికి పోయింది. మధ్యాహ్నం బువ్వ దగ్గర మారెమ్మ డబ్బా తెచ్చి చూపించింది. నా ప్రశ్న కింద ఎస్తేరక్క గుండ్రటి రాతతో జవాబు. "మనదే. అదీ అడగల్లా?"

ఆ రోజు నుంచి మా లైన్‌లో బడి మొదలైంది. పొద్దున సాంఘికశాస్త్రం, టీ తర్వాత లెక్కలు, మధ్యాహ్నం సైన్సు. ఎవ్వరూ నోరు విప్పనక్కర్లేదు. గుడ్డతో పాటు ప్రశ్న పోతుంది, చొక్కాతో పాటు జవాబు వస్తుంది. ఎస్తేరక్కకు ముందు కూర్చున్నవాళ్ళు ప్రశ్న చదివేవాళ్ళు, తర్వాత కూర్చున్నవాళ్ళు జవాబు కూడా చదివేవాళ్ళు. ఐదు చదివి మానినవాళ్ళు, ఎనిమిదిలో తప్పినవాళ్ళు, అందరూ బండిల్ రాగానే ముందు టికెట్ తిప్పి చూడడం మొదలుపెట్టారు. ఒకరోజు టికెట్ కాలర్ దగ్గరికి చేరేసరికే లక్ష్మీదేవి జవాబు రాసి పెట్టింది. ఎస్తేరక్క అంత కోపపడగా నేనెప్పుడూ చూడలేదు. తన పరీక్ష తనను రాసుకోనివ్వమని బువ్వ దగ్గర గట్టిగా కేకలేసింది. మారెమ్మకు అప్పటికి అంకెలు మాత్రమే వచ్చు. సంక్రాంతి దాటేసరికి ఆమె డబ్బాలోని టికెట్లను సైన్సు వేరు, సోషల్ వేరు కట్టలు కట్టసాగింది.

మేము అనుకోనిది ఇంకొకటి జరిగింది. అంతకు ముందు మా లైన్‌లో పెద్ద సైజు చొక్కాకు చిన్న సైజు కాలర్ పడి, రోజుకు పదీ పదిహేను వెనక్కి వచ్చేవి. టికెట్ మీద ఏముందో ఎవరూ చూసేవాళ్ళు కాదు, చూసినా సగం మందికి అర్థమయ్యేది కాదు. ఇప్పుడు వెనక ప్రశ్న కోసం టికెట్ పట్టుకున్నవాళ్ళు ముందు వైపు సైజు కూడా చదువుతున్నారు. ఫిబ్రవరిలో మా లైన్‌కు వెనక్కి వచ్చిన చొక్కాలు రోజుకు ఒకటో రెండో. ఉదయ్ కుమార్ బోర్డు మీద ఆ అంకె రాస్తూ తనలో తనే తల గోక్కునేవాడు.

మార్చి నెలలో పరీక్షల తేదీలు వచ్చాయి. సోమవారం మొదలు శనివారం లోపల ఐదు పరీక్షలు, అనంతపురంలో. ఎస్తేరక్క బుధవారం నాడు మేనేజర్ ప్రవీణ్ సార్ దగ్గరికి పోయి ఆరు రోజుల సెలవు అడిగింది. నేనూ పక్కనే నిలబడ్డాను. షిప్‌మెంట్ వారమని, కాలర్ దగ్గర మనిషి లేకపోతే లైన్ మొత్తం ఆగుతుందని, చెప్పకుండా మానితే పేరు కొట్టేస్తానని అన్నాడు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది రాసుకోవచ్చు కదా, పదో తరగతి యాడికీ పారిపోదులే అని నవ్వాడు. ఎస్తేరక్క వచ్చి మిషన్ దగ్గర కూర్చుంది. ఆమె అవసరం అంత ఉందని ఆయన నోటితోనే చెప్పాడు. ఆ అవసరమే ఆమెను పరీక్షకు పోనివ్వడం లేదు.

ఆ మధ్యాహ్నం నా కోపం టికెట్ మీద పట్టలేదు. లైన్ రిజిస్టర్‌లోంచి ఒక కాయితం చింపి, పరీక్ష పేపరు భాషలో ఇలా రాశాను: "మూత్రపిండములు చేయు పని ఏమి? మనిషి దినమునకు ఎన్ని లీటర్ల నీరు త్రాగవలెను? నలభై మందికి ఒకే టోకెను ఉన్నచో ఆ నలభై మంది మూత్రపిండములు ఏమగును? మేనేజర్ ప్రవీణ్ గారిని అడిగి జవాబు వ్రాయుము." మడిచి బండిల్‌లో పెట్టి పంపాను. చదివి ఎస్తేరక్క కాస్త నవ్వుతుందని నా ఆశ, అంతే.

ఆ కాయితం ఎస్తేరక్కకు చేరలేదు. ఫ్యాను గాలికి ఎగిరిపోతుందని లక్ష్మీదేవి దాన్ని అప్పుడే కుట్టిన జేబులో దోపింది. కాలర్ దగ్గర ఎస్తేరక్క టికెట్ తిప్పి చూసి, ఈ బండిల్‌కు ప్రశ్న లేదనుకుని కుట్టి పంపేసింది. మారెమ్మ దారాలు కత్తిరించింది. చొక్కా ఇస్త్రీ అయ్యింది, మడత పడింది, పెట్టెలోకి ఎక్కింది.

శుక్రవారం నాడు సరుకు కొనే కంపెనీ తరఫున బెంగళూరు నుంచి ఒక ఆడమనిషి తనిఖీకి వచ్చింది. వందల పెట్టెల్లో ఆమె తెరిపించిన నాలుగింటిలో మా పెట్టె ఒకటి. ఆ పెట్టెలో ఆమె విప్పిన చొక్కా అదే. జేబులో వేలు పెడితే కాయితం వచ్చింది. ఇది ఏమిటని ఆమె అడిగితే, సైజుల లెక్క అని ప్రవీణ్ సార్ తడుముకోకుండా చెప్పాడు. ఆమెకు తెలుగు రాదని ఆయన ధీమా. ఆమె ఫోన్ తీసి కాయితానికి ఫొటో కొట్టింది. ఫోన్ ఆ తెలుగంతా ఇంగ్లీషులోకి మార్చి గట్టిగా చదివింది. పక్క మేజా దగ్గరే ఉన్న మారెమ్మకు ఇంగ్లీషు రాకపోయినా కిడ్నీ అన్న మాట, టోకెన్ అన్న మాట, మేనేజర్ ప్రవీణ్ అన్న మాట చక్కగా వినిపించాయట.

ఆమె నేరుగా మా లైన్ దగ్గరికి నడిచి వచ్చి, మేజా మీది చెక్కబిళ్ళను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాన్ని కూడా ఒక ఫొటో తీసుకుని ఆఫీసు గదిలోకి పోయింది.

పావుగంటలో ప్రవీణ్ సార్ మా లైన్ ఆపించాడు. ఆయన మొహం కందగడ్డలా ఉంది. కాయితం పైకెత్తి, ఎవరు రాశారో చెప్పమంటూ ఆ ప్రశ్నలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఎవరూ పలకకపోతే మళ్ళీ చదివాడు. మూడోసారి చదివి, రాసిన మనిషి ఒప్పుకుంటే ఒక వారం సస్పెన్షన్‌తో పోతుందని, ఒప్పుకోకపోతే లైన్ మొత్తానికి ఆ వారం జీతం కోస్తానని అన్నాడు. ఒప్పుకున్న మనిషి సోమవారం నుంచి శనివారం దాకా గేటు లోపల కాలు పెట్టకూడదు. లేచి నిలబడబోయాను.

"నేను రాసినా సార్."

ఆ మాట అన్నది నేను కాదు. ఎస్తేరక్క అప్పటికే లేచి నిలబడింది. నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసిన చూపుకు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ప్రవీణ్ సార్‌కు ఒక దోషి కావాలి, అదీ వెంటనే కావాలి, ఆఫీసులో బెంగళూరు ఆమె ఎదురు చూస్తోంది. రాత ఎవరిదని కూడా చూడకుండా కాయితాన్ని ఫైల్లో పెట్టించి ఎస్తేరక్కను బయటికి పొమ్మన్నాడు.

ఆమె బువ్వ క్యారియర్ తీసుకుంటుంటే పరిగెత్తుకుంటూ పోయి పట్టుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు. రాసింది నేనైతే శిక్ష నీకెందుకు అని అరిచాను. ఎస్తేరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నీ రాత నాకు తెల్దా? నాలుగు నెల్లుగా చదువుతాండా. సోమవారం నుంచి పరీక్షలు కదా చంద్రికా. మొన్న సెలవు ఇయ్యనన్నాడు, ఇప్పుడు వారం రోజులు రావొద్దంటాండాడు. నేనేమన్నా తప్పు విన్నానా?"

అప్పుడు అర్థమై నేను కూడా నవ్వాను, ఏడుస్తూనే. ఆ సంబరంలో బోర్డు మీది రెండో షరతు మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఎస్తేరక్క లేని ఆ వారం మా లైన్ పరిస్థితి చెప్పనలవి కాదు. ఆమె మిషన్ మీద ముగ్గురిని మార్చారు. కాలర్లు వంకరగా ఎక్కాయి, మెడలు ముడతలు పడ్డాయి, బండిళ్ళు ఆమె కుర్చీ పక్కన నడుమెత్తు పేరుకుపోయాయి. ప్రవీణ్ సార్ రోజుకు నాలుగుసార్లు వచ్చి ఆ కుప్ప ముందు నిలబడి పోయేవాడు. ఆ నాలుగు సార్లూ నేను ఆయన మొహం తృప్తిగా చూశాను. అక్కడ అనంతపురంలో జయరాజు రోజూ పని మానుకుని భార్యను బండి మీద పరీక్షకు దింపి, గేటు బయట వేపచెట్టు కింద కూర్చునేవాడట. సైన్సు పేపరు రాసి వచ్చిన సాయంత్రం ఎస్తేరక్క నాకు ఫోన్ చేసింది. మూత్రపిండాల ప్రశ్న వచ్చిందట. నువ్వు నా కాయితం చదవనే లేదు కదా, ఎలా రాశావంటే, మేనేజర్ మూడుసార్లు గట్టిగా చదివి వినిపించాడు కదా, రాత్రి పుస్తకం తీసి చూసుకున్నా అంది.

ఏప్రిల్ చివర్లో ఫలితాలు వచ్చాయి. టీ విరామంలో నా ఫోన్‌లోనే చూశాం. తెలుగు డెబ్బై రెండు, సోషల్ అరవై నాలుగు, సైన్సు యాభై ఎనిమిది, లెక్కలు నలభై ఒకటి, ఇంగ్లీషు ముప్పై ఆరు. ఇంగ్లీషులో ఒక్క మార్కుతో గట్టెక్కింది. నలభై మంది ఆడవాళ్ళం ఆ చిన్న ఫోన్ మీదికి వంగి ఒక్కో అంకె పైకి చదివాం. ఎస్తేరక్క అందరికంటే వెనక నిలబడి, ఇంగ్లీషు అంకె ఇంకోసారి చదవమని అడిగింది. మారెమ్మ ఆమెను గట్టిగా వాటేసుకుని చాలాసేపు వదల్లేదు.

అదే వారంలో ఉదయ్ కుమార్‌కు బెంగళూరులో ఇంకా మంచి ఉద్యోగం దొరికింది. డిప్లొమా ఉన్న పిల్లవాడు, అలాగే దొరుకుతుంది. బెంగళూరు ఆమె రాసి పంపిన కాయితం కూడా వచ్చింది. నెల లోపల టోకెన్లు ఎత్తేయాలి, ఆడవాళ్ళ లైన్లకు ఆడవాళ్ళే సూపర్‌వైజర్లుగా ఉండాలి, లేకపోతే సరుకు తీసుకోం. మా లైన్ కుర్చీ ఖాళీ. దాంట్లో కూర్చోవాల్సింది ఆడమనిషి. ఎస్తేరక్క మార్కుల కాయితం పట్టుకుని ఆఫీసుకు పోయింది. నేను బయట నిలబడి చేతులు నలుపుకుంటున్నాను.

ఆమె బయటికి వచ్చి, లోపలికి నన్ను పిలుస్తున్నారని చెప్పింది. ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. లోపల ప్రవీణ్ సార్ ఎప్పుడూ లేనిది కూర్చోమన్నాడు. ఎస్తేరుకు ఈ ఏడాది శిక్ష పడింది కాబట్టి నియమం ఒప్పుకోదన్నాడు. లైన్‌లో పది దాటి చదివింది నేనొక్కదాన్నేనట. సోమవారం నుంచి ఏడో లైన్ సూపర్‌వైజర్‌ను నేనేనట.

నేను ఉన్న మాట చెబుతాను. వెంటనే కాదనలేదు. బస్సులో కూర్చుని ఇంటికి పోతూ ఆ కుర్చీ గురించే ఆలోచించాను. ఆరేళ్ళుగా వంగి రిజిస్టర్ రాసి మెడ పట్టేసిన మనిషిని. నా ఇంటర్ సర్టిఫికెట్‌కు ఇన్నాళ్ళకు ఒక విలువ వచ్చింది. టోకెన్లు ఎలాగూ పోతున్నాయి. నేను కూర్చున్నా అందరికీ మంచే చేస్తాను కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఆ ఆలోచన మానలేదు.

మర్నాడు పొద్దున ప్రవీణ్ సార్ లైన్ దగ్గరికి వచ్చాడు. ఉదయ్ కుమార్ పక్కన నిలబడ్డాడు, అది అతని ఆఖరి రోజు. ప్రవీణ్ సార్ ఎస్తేరక్కతో, చంద్రికకు కుట్టు పని పూర్తిగా తెలియదు, సోమవారం నుంచి కాలర్, కఫ్ అన్నీ నువ్వు దగ్గరుండి నేర్పు, నీకు అలవాటే కదా అన్నాడు.

"సరే సార్," అంది ఎస్తేరక్క. ఎప్పుడూ అనేటట్టే అంది.

ఆ 'సరే' నా చెంప మీద కొట్టినట్టయింది. నలుగురికి నేర్పింది, ఐదోదాన్ని నేను. ఏ తంతు చూసి ఆరేళ్ళు పళ్ళు నూరానో, ఆ తంతులో ఈసారి ఆమె వెనక నిలబడబోయేది నేనే. ముక్కు మీది కోపం అంతా నా మీదికే తిరిగింది. లేచి నిలబడ్డాను.

"ఆ కాయితం నేను రాసినా సార్. ఎస్తేరక్క దాన్ని చూడను కూడా చూడల్యా. శిక్ష నాకు పడల్ల."

ప్రవీణ్ సార్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఏం మాట్లాడుతున్నానో తెలుసా, వచ్చిన పోస్టు పోతుందన్నాడు. పోనీ సార్ అన్నాను. ఎస్తేరక్క లేచి, ఈ పిల్ల కోపంలో ఏదో అంటోంది, రాసింది నేనే అని మళ్ళీ మొదలుపెట్టింది. నేను కాదన్నాను. ఆమె అవునంది. నేరం నాదంటే నాదని ఇద్దరం కొట్లాడుకుంటుంటే లైన్‌లో అందరూ మిషన్లు ఆపి చూస్తున్నారు. నేను రిజిస్టర్ తెరిచి, చింపిన కాయితం తాలూకు ముక్క ఇంకా కుట్టుకు అంటుకుని ఉన్న చోటు చూపించాను. ఫైల్లోంచి కాయితం తెప్పించి పక్కన పెడితే అంచుకు అంచు సరిపోయింది. రాత కూడా ముందు పేజీలో నేను రాసిన రాతే.

అప్పుడు ఉదయ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. ఏడాదిలో ఆ పిల్లవాడు మేనేజర్ ముందు సొంతంగా మాట్లాడింది అదొక్కసారే.

"ఎస్తేరక్క రాయలేదని నాకు ఆపొద్దే తెలుసు సార్. రోజూ ఈ రిజిస్టర్ చూసేటోన్ని. భయపడి చెప్పల్యా. ఇంగొక మాట. నాకు పని నేర్పింది ఆయక్కే. టికెట్ చదివేది లైన్‌కు అలవాటు చేసిందీ ఈళ్ళే. వెనక్కి వచ్చే చొక్కాలు తగ్గింది నా తెలివితో కాదు."

ప్రవీణ్ సార్ ఎస్తేరక్క ఫైలు తెప్పించాడు. ఆయన ముందు ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకరికి ఇంటర్ ఉంది, చేసిన తప్పు కూడా ఉంది. ఇంకొకరికి పదో తరగతి ఉంది, ఏ తప్పూ లేదు. బెంగళూరు ఆమె పది రోజుల్లో మళ్ళీ వస్తుంది. ఆ నియమం బోర్డు మీద అంటించింది ఆయనే. ఎస్తేరక్క మీద రాసిన శిక్షను ఫైల్లో కొట్టేసి, పక్కన సంతకం చేశాడు. ఆ వారం జీతం కూడా కట్టిస్తానన్నాడు. లక్ష్మీదేవి కత్తెరతో మిషన్ బల్ల మీద టకటకా కొట్టింది. మారెమ్మ అందుకుంది. ఆ చప్పుడు లైన్ పొడుగునా పాకి పక్క లైన్లకు పోయింది, ఎవరు ఆపమన్నా చాలాసేపు ఆగలేదు.

సోమవారం పొద్దున ఎస్తేరక్క సూపర్‌వైజర్ మేజా ముందు కూర్చుంది. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని వచ్చింది. ఆమె మొదట చేసిన పని చెక్కబిళ్ళను తీసి చెత్తడబ్బాలో వేయడం. రెండో పని ఆఫీసు నుంచి వచ్చిన కాయితం తెరవడం. అది నా సస్పెన్షన్ కాయితం. వారం రోజులు. లైన్ సూపర్‌వైజర్ సంతకం లేకుండా అది చెల్లదు.

నలుగురు సూపర్‌వైజర్లు ఆ మేజా మీద చదవకుండా పెట్టిన సంతకాలు ఎన్నో చూశాను. ఎస్తేరక్క కాయితాన్ని మేజా మీద పరిచి, మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి చదివింది. ఇంగ్లీషు మాటలు వచ్చిన చోట ఆగి, పెదాలు కదిపి, మళ్ళీ ముందుకు పోయింది. నేను ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. లైన్ మొత్తం కుట్టు ఆపి చూస్తోంది. చివరి దాకా చదివి తలెత్తింది.

"లైన్ రిజిస్టర్ కాయితం చింపడం తప్పు చంద్రికా. వారం రోజులు ఇంటికాడ ఉండు. నువ్వు వచ్చేదాకా రిజిస్టర్ నేను రాస్తా, అక్షరాలు బాగలేకపోతే మళ్ళీ వచ్చి తిట్టు."

అని, పేరు పూర్తిగా రాసి, దాని కింద సూపర్‌వైజర్, ఏడో లైన్ అని రాసింది. ఆ అక్షరాలు ఆరేటప్పటికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, నేనూ తుడుచుకుంటున్నాను.

క్యారియర్ చేత్తో పట్టుకుని, పొద్దున తొమ్మిదింటికి, అందరూ చూస్తుండగా గేటు వైపు నడిచాను. ఆ ఫ్యాక్టరీలో శిక్ష పడి అంత గర్వంగా గేటు దాటిన మనిషి అప్పటిదాకా ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఇద్దరం.